కదలని బిందువు దగ్గర మొదలుపెట్టు

చిరంజీవికి ఆశీస్సులు.

ఎనర్జీ పైల్స్ మీద, అంటే భవనాన్ని మోస్తూనే నేలతో వేడిని ఇచ్చిపుచ్చుకునే పునాది స్తంభాల మీద, నీవు రాసి పంపిన వ్యాసాన్ని రెండుసార్లు చదివాను. మొదటిసారి మామూలు పాఠకుడిగా, రెండోసారి పెన్సిలు చేతబట్టి. మొదటి మూడు పేరాలు తీసేయమంటే నొచ్చుకోవద్దు. వాతావరణ మార్పు గురించి, కాలుష్యం లేని శక్తి గురించి నీవక్కడ చెప్పినవన్నీ నిజాలే కాని, అవి ఏ వ్యాసానికైనా ముందు తగిలించదగిన నిజాలు. నీ అసలు విషయం నాలుగో పేరాలో, పైల్ కోసం కట్టిన ఇనుప చువ్వల పంజరానికి ప్లాస్టిక్ గొట్టాలు బిగించి కాంక్రీటు పోసే చోట మొదలవుతోంది. ఆ గొట్టాల్లో నీరు తిరుగుతుంది, పైన వేడిని ఒకచోటి నుంచి మరోచోటికి తోడే హీట్ పంప్ ఉంటుంది, చలికాలంలో నేల నుంచి వేడి భవనానికి వస్తుంది, ఎండాకాలంలో భవనంలోని వేడి నేలలోకి పోతుంది. ‘భూగర్భాగ్ని’ అనే మాట మాత్రం కొట్టివేశాను. ఇక్కడ అగ్ని ఏమీ లేదు. పది, పదిహేను మీటర్ల లోతు దాటితే నేల ఉష్ణోగ్రత ఏడాది పొడుగునా దాదాపు మారకుండా, ఆ ప్రాంతపు వార్షిక సగటుకు దగ్గరగా ఉంటుంది. పైల్ వాడుకునేది ఆ నిలకడనే.

ఇక అసలు లోపానికి వస్తాను. ‘వేడి వల్ల పైల్‌లో ప్రతిబలం పెరుగుతుంది’ అని నీవు ఐదు చోట్ల రాశావు (ప్రతిబలం అంటే పదార్థం లోపల ఒక్కో యూనిట్ వైశాల్యం మీద పడే బలం). వేడి చేసే పని సాగదీయడం ఒక్కటే. ప్రతిబలాన్ని పుట్టించేది ఆ సాగుదలను అడ్డుకునే నేల, పైనున్న కట్టడం. పైల్ ఏ అడ్డూ లేకుండా సాగితే వికృతి, అంటే అసలు పొడవులో ఎన్నో వంతు మారిందన్న కొలత, పూర్తిగా కనబడుతుంది, ప్రతిబలం సున్నా. ఏ మాత్రం కదలనీయకుండా బిగించి పట్టుకుంటే వికృతి సున్నా, ప్రతిబలం గరిష్ఠం. అందువల్ల ‘గేజ్‌లలో వికృతి స్వల్పంగా నమోదైంది కనుక పైల్ సురక్షితం’ అన్న నీ వాక్యం సత్యానికి సరిగ్గా తలకిందులు. చాలా ఏళ్ల క్రితం నేనూ ఇదే వాక్యం రాసి అచ్చు వేయించుకున్నాను. ఒక పునాదుల ఇంజనీరు ఆ పేజీని కత్తిరించి, ఆ వాక్యం చుట్టూ ఎర్ర సిరాతో గీత గీసి, వ్యాఖ్య ఒక్కటీ రాయకుండా నాకు పంపించాడు.

పాఠకుడికి ఇది ఒంటబట్టాలంటే ఒక లెక్క చేసి చూపించు. కాంక్రీటు ప్రతి డిగ్రీ సెల్సియస్‌కు తన పొడవులో సుమారు లక్షో వంతు పెరుగుతుంది. 20 మీటర్ల పైల్‌ను 10 డిగ్రీలు వేడి చేస్తే, అడ్డు లేనప్పుడు, అది పెరిగేది 2 మిల్లీమీటర్లు మాత్రమే. ఆ 2 మిల్లీమీటర్లనూ పూర్తిగా అడ్డుకుంటే, కాంక్రీటు స్థితిస్థాపక గుణకాన్ని (సాగుదలకు, కుదింపుకు అది ఎంత గట్టిగా ఎదురు నిలుస్తుందో చెప్పే అంకెను) 30 గిగాపాస్కల్స్‌గా తీసుకున్నప్పుడు, పుట్టే ప్రతిబలం 3 మెగాపాస్కల్స్. 60 సెంటీమీటర్ల వ్యాసమున్న పైల్‌లో అది సుమారు 850 కిలోన్యూటన్ల బలం. లండన్ బంకమట్టిలో 23 మీటర్ల పైల్ మీద చేసిన ప్రసిద్ధ పరీక్షలో తల మీద మోపిన భారం 1200 కిలోన్యూటన్లని గుర్తుంటే, ఈ అంకె ఎంత బరువైనదో వేరే విశేషణం అక్కరలేకుండానే తెలుస్తుంది. నిజమైన నేల పూర్తిగా అడ్డుకోదు, పూర్తిగా వదిలేయనూ వదిలేయదు. నిజమైన బలం ఈ రెండు కొసల మధ్య ఎక్కడో ఉంటుంది. ఆ ‘ఎక్కడో’ ఎక్కడ అన్నదే నీ వ్యాసం అడగవలసిన ప్రశ్న.

దానికి దారి కదలని బిందువు. వేడెక్కిన పైల్‌లో ఒకచోట కదలిక ఉండదు. దాని పైభాగం పైకి, కిందిభాగం కిందికి జరగబోతాయి. పైభాగాన్ని నేల ఘర్షణ కిందికి నొక్కుతుంది, కిందిభాగాన్ని పైకి నెడుతుంది, కాబట్టి ఉష్ణం తెచ్చిన సంపీడనం (నొక్కుడు) ఆ బిందువు దగ్గరే అత్యధికం. పైన బరువైన భవనం తలను గట్టిగా పట్టుకుంటే ఆ బిందువు పైకి జరుగుతుంది. అడుగు గట్టి రాతి మీద ఆనితే కిందికి దిగుతుంది. స్విట్జర్లాండ్‌లోని లొసాన్ నగరపు సాంకేతిక విశ్వవిద్యాలయంలో 1990ల చివర చేసిన పరీక్షను నీవు ఒక్క వాక్యంలో ముగించావు, కాని దాన్ని రెండు పేరాలకు పెంచాలి. దాదాపు 26 మీటర్ల పొడవున్న పైల్‌ను మొదట తల స్వేచ్ఛగా ఉన్నప్పుడు, ఆ తర్వాత పైన ఒక్కో అంతస్తూ లేచినకొద్దీ మళ్ళీ మళ్ళీ వేడిచేసి కొలిచారు. ఒకే పైల్‌ను, పెరిగే పట్టు కింద, అంచెలంచెలుగా చూపించే అవకాశం ఏ రచయితకైనా అరుదు.

ప్రమాదమంతా వేడిలోనే ఉందన్న ధ్వని నీ వ్యాసంలో ఉంది. నాకు చల్లబడే కాలమే ఎక్కువ ఆలోచించదగినదిగా తోస్తుంది. సంపీడనాన్ని కాంక్రీటు ధారాళంగా మోస్తుంది. తన్యతను (లాగుడును) మోయగల శక్తి అందులో సుమారు పదో వంతే. చలికాలంలో పైల్ కుంచించుకోబోతే ముందు భవనం బరువు తెచ్చిన సంపీడనం తగ్గుతుంది. కిందిభాగంలోనైతే ఆ బరువు అప్పటికే చాలావరకు ఘర్షణ ద్వారా నేలకు చేరిపోయి ఉంటుంది, తగ్గడానికి మిగిలిన సంపీడనం తక్కువ, కాబట్టి అక్కడ తన్యత తలెత్తవచ్చు. అందుకే చువ్వలను పైభాగంతో ఆపేయవచ్చా, కిందిదాకా దింపాలా అన్న ప్రశ్న ఇక్కడ వస్తుంది. గొట్టాల్లోని ద్రవం చుట్టూ ఉన్న మట్టిని గడ్డకట్టించేంత చల్లబడకూడదన్న నియమాన్ని కూడా ఈ సందర్భంలోనే చెప్పు.

మట్టి గురించి క్లుప్తంగా చెబితే చాలు, కాని తప్పకుండా చెప్పు. పూర్వం పెద్ద భారం మోయని మెత్తని బంకమట్టి వేడెక్కినప్పుడు కుంచించుకుంటుంది, చల్లబడినా పూర్వస్థితికి రాదు. పాత భారాలకు గట్టిపడిన బంకమట్టి సాధారణంగా వ్యాకోచించి తిరిగి సర్దుకుంటుంది. ఇసుకలో చేసిన నమూనా పరీక్షల్లో వేడెక్కి చల్లబడే ప్రతి ఆవృత్తికీ కొంచెం కుంగుబాటు మిగిలిపోవడం కనిపించింది. తలలను కలిపే ఒకే కాంక్రీటు దిమ్మె కింద కొన్ని పైల్స్‌ను మాత్రమే వేడిచేస్తే, పొరుగున ఉన్న చల్లని పైల్స్ దిమ్మె ద్వారా వాటిని పట్టుకుంటాయి. ఆ సంగతి నీ వ్యాసంలో లేనేలేదు.

చివరిగా, రెండో బొమ్మలో సంపీడనాన్ని ఒకచోట కుడివైపు, మరోచోట ఎడమవైపు గీశావు. లోతును కిందికి, సంపీడనాన్ని కుడికి అన్ని బొమ్మల్లోనూ ఒకే తీరున గీసి, భారం గీతను, ఉష్ణం గీతను, రెండూ కలిసిన గీతను పక్కపక్కనే పెట్టి, కదలని బిందువును చుక్కతో గుర్తించి పంపు. ఆ బొమ్మ వచ్చాక మిగతా పేరాలు మళ్ళీ చూస్తాను.

ఇట్లు,
నీ శ్రేయోభిలాషి