ఎముకల పదాలకు భయపడి కోడింగ్ శిక్షణ మానిపించవద్దు

ప్రశ్న: మా అమ్మాయి తెలుగు మాధ్యమంలో బి.జెడ్.సి. డిగ్రీ పూర్తిచేసి, హైదరాబాద్‌లో మెడికల్ కోడింగ్ శిక్షణలో చేరింది. ఎముకలు, కీళ్ల పాఠం మొదలైనప్పటి నుంచి ఆ పదాలు నోరు తిరగడం లేదని, మానేస్తానని అంటోంది. ఏం చేయమంటారు? – ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: మానిపించవద్దు. మెడికల్ కోడింగ్ అంటే రోగి రిపోర్టులోని జబ్బును, చికిత్సను బిల్లు కోసం కోడ్లుగా మార్చే పని. జంతుశాస్త్రం చదివిన మీ అమ్మాయికి ఎముకలు, కీళ్లు కొత్త కావు. వాటికి పెట్టిన గ్రీకు, లాటిన్ పేర్లే కొత్త. మెడికల్ కోడర్లకు సర్టిఫికెట్ ఇచ్చే సీపీసీ పరీక్షను కోడ్ పుస్తకాలు దగ్గర పెట్టుకొనే రాస్తారు కాబట్టి కోడ్లను కంఠస్థం చేయనక్కరలేదు. కానీ పుస్తకంలో ఏ పదం కింద వెతకాలో తెలియకపోతే ఆ పుస్తకం ఎదురుగా ఉన్నా ఉపయోగపడదు.

పదాలను విడగొట్టి చదవమనండి. ‘ఆస్టియో’ అంటే ఎముక, ‘ఆర్థ్రో’ అంటే కీలు, ‘కాండ్రో’ అంటే మృదులాస్థి. చివర ‘ఐటిస్’ ఉంటే వాపు, ‘స్కోపీ’ ఉంటే గొట్టంతో లోపలికి చూడటం, ‘ప్లాస్టీ’ ఉంటే సరిచేసి నిర్మించడం, ‘డెసిస్’ ఉంటే కదలకుండా అతికించడం. ఇవి పట్టుబడితే ఆర్థ్రోప్లాస్టీ, ఆర్థ్రోడెసిస్ వంటి పదాలు తమ అర్థాన్ని వాటంతట అవే చెబుతాయి.

ఫ్రాక్చర్ల దగ్గర మాత్రం నిదానంగా సాగాలి. ‘విరిగిందా, ఫ్రాక్చరేనా?’ అని మనవాళ్లు అడుగుతుంటారు గానీ, వైద్య పరిభాషలో ఆ తేడా లేదు. మనం ‘ఎయిర్ క్రాక్’ అని పిలుచుకొనే వెంట్రుకవాసి బీట, అంటే హెయిర్‌లైన్ ఫ్రాక్చర్, కూడా ఫ్రాక్చరే. చర్మం చీలి గాయం విరిగిన ఎముక దాకా ఉంటే ఓపెన్, లేకపోతే క్లోజ్డ్. ముక్కలు పక్కకు జరిగితే డిస్‌ప్లేస్డ్, ఎముక పలు ముక్కలైతే కమిన్యూటెడ్, పిల్లల్లో పచ్చికొమ్మలా ఒక పక్క విరిగి మరో పక్క వంగితే గ్రీన్‌స్టిక్.

ఒక రిపోర్టు చూద్దాం. చేయి చాచి కిందపడిన రోగికి కుడి మణికట్టు దగ్గర కాలిస్ ఫ్రాక్చర్, క్లోజ్డ్, ఓపెన్ రిడక్షన్ చేసి ప్లేటు వేశాం అని డాక్టరు రాశారనుకోండి. ముంజేతిలో బొటనవేలి వైపుండే రేడియస్ ఎముక మణికట్టు వైపు కొన విరిగి, ఆ ముక్క చేతి వెనుకవైపుకు వాలడమే కాలిస్. 1814లో దీన్ని వర్ణించిన ఐరిష్ సర్జన్ అబ్రహాం కాలిస్ పేరు మీద వచ్చింది. అరచేతి వైపుకు వాలితే అది స్మిత్ ఫ్రాక్చర్. చాలామంది కొత్తవాళ్లు ఇక్కడ ‘ఓపెన్’ అనే మాట చూసి ఓపెన్ ఫ్రాక్చర్ అనుకుంటారు. ఓపెన్ రిడక్షన్ అంటే సర్జన్ కోసి ఎముకను సరిచేయడం. ఫ్రాక్చర్ మాత్రం క్లోజ్డే. అందుకే జబ్బులు, గాయాల కోడ్లుండే ఐసీడీ-10-సీఎంలో ఈ ఫ్రాక్చర్‌కు సరైన కోడ్ ఎస్52.531ఎ అవుతుంది. చివరి ‘ఎ’ స్థానంలో ‘బి’ పడితే ఓపెన్ ఫ్రాక్చర్ అని చెప్పినట్టవుతుంది. ఆ ఒక్క అక్షరంతో బిల్లు తప్పవుతుంది. రిపోర్టులో ఓపెనో క్లోజ్డో రాయకపోతే క్లోజ్డ్‌గా, ముక్క పక్కకు జరిగిందో లేదో రాయకపోతే డిస్‌ప్లేస్డ్‌గా కోడ్ చేయాలన్నది నియమం. ఈ రెండూ పుస్తకం తెరవకుండానే ఆమెకు గుర్తుండాలి.

ఎముకలు గుల్లబారిన, అంటే ఆస్టియోపోరోసిస్ ఉన్న వృద్ధురాలు, ఆరోగ్యవంతమైన ఎముకైతే తట్టుకొనేంత చిన్నగా జారిపడి ఎముక విరగ్గొట్టుకుంటే, దాన్ని గాయాల అధ్యాయంలో కాక ఎం80 కింద వెతకాలి. ఇలాంటి చోట పదం తెలిసినంత మాత్రాన సరిపోదు, కారణం కూడా చదవాలి.

కీళ్ల విషయం ఇంతకన్నా సులువు. కీలు పూర్తిగా తప్పితే డిస్‌లొకేషన్, కొంత జరిగితే సబ్‌లక్సేషన్. ఎముకను ఎముకతో కలిపే లిగమెంటుకు దెబ్బ తగిలితే స్ప్రెయిన్, కండరానికి లేదా దాన్ని ఎముకతో కలిపే టెండన్‌కు తగిలితే స్ట్రెయిన్. స్ప్రెయిన్, స్ట్రెయిన్ రెండింటినీ మనం బెణుకు అనేస్తాం. అరుగుదలతో వచ్చే ఆస్టియో ఆర్థ్రైటిస్‌నూ, శరీర రోగనిరోధక వ్యవస్థే కీళ్లపై దాడి చేసే రుమటాయిడ్ ఆర్థ్రైటిస్‌నూ కలపకూడదు.

మీ ఇంట్లోనో బంధువుల ఇంట్లోనో పాత ఎక్స్‌రే రిపోర్టు ఉంటే, వారి అనుమతితో ఆమె చేత చదివించండి. ఏ ఎముక, ఏ వైపు, ఓపెనా క్లోజ్డా, ముక్క పక్కకు జరిగిందా లేదా అన్న నాలుగు ప్రశ్నలకు తెలుగులోనే జవాబులు రాయించి, వాటి పక్కన వైద్య పదాలు పెట్టించండి. ఒక నెల రోజులు రోజుకో రిపోర్టు ఇలా చేశాక, అప్పటికీ కష్టమనిపిస్తే నాకు మళ్లీ రాయండి.