రోబో మన వాలకం కనిపెట్టగలదా?

మనం చేయి చాపకముందే ఏం తీసుకోబోతున్నామో రోబో పసిగడుతుందంటున్నారు, నిజమేనా అని అడిగారు. నిజమే, కానీ కొంతవరకే. బీటెక్ ఆఖరి ఏడాదిలో నలుగురం కలిసి ఇలాంటి ప్రాజెక్టే చేశాం. అందులో తిన్న ఎదురుదెబ్బల్లోంచి చెబుతున్నా.

సెకండ్ హ్యాండ్ కినెక్ట్ (ఒంటి కదలికలు పసిగట్టే మైక్రోసాఫ్ట్ కెమెరా) ఒకటి కొన్నాం. దానికి మనిషంటే తల, భుజాలు, మోచేతులు, మోకాళ్ళు... ఇలా 20 చుక్కలు. సెకనుకు 30 సార్లు అవెక్కడున్నాయో చెబుతుంది. మేం తెలివిగా చేతి చుక్కనే పట్టుకున్నాం. చేయి గ్లాసు దాకా వచ్చాక గానీ మా రోబోకి విషయం తెలిసేది కాదు! వీడియోలు నెమ్మదిగా తిప్పి చూస్తే అర్థమైంది. దూరంగా ఉన్న వస్తువు కోసమైతే చాలాసార్లు ముందు తల అటు తిరుగుతుంది, నడుము వాలుతుంది, భుజం లేస్తుంది. చేయి వచ్చేది ఆఖర్న. కబడ్డీ ఆడినవాళ్ళకి ఇదేం కొత్త కాదు, కూతకొచ్చినవాడి చేతులు చూస్తే బోల్తా పడతాం.

సరే, అన్నీ కలిపాం. డెమో రోజు అటెండరన్న టీ గ్లాసు పక్కన నిలబడి కాస్త వంగి చేయి లేపాడు. రోబో గబుక్కున గ్లాసు అందించబోయింది. ఆయన లేపింది తల గోక్కోవడానికి. టీ అంతా నా ల్యాబ్ రికార్డు పుస్తకం మీద.

2013లో కార్నెల్ యూనివర్సిటీలో హేమ కొప్పుల, అశుతోష్ సక్సేనా చేసిన పని ఆ తర్వాత చదివాను, ముందే చదవాల్సింది. వాళ్ళు ఒంటి కదలికతో పాటు చుట్టూ ఏ వస్తువులున్నాయి, వాటితో ఏమేం చేయొచ్చు అనేదీ లెక్కలోకి తీసుకున్నారు. చేతిలో గిన్నెతో ఫ్రిజ్ వైపు నడిచే మనిషిని చూసి రోబో వెళ్ళి తలుపు తీస్తుంది. ఒక్క ఊహకే కట్టుబడకుండా చాలా ఊహలు పెట్టుకుని, మనిషి కదిలేకొద్దీ సరిచేసుకుంటుంది. అంత చేసినా ఒక సెకను ముందుకైతే 82 శాతం, 3 సెకన్లకి 71, 10 సెకన్లకి 57 శాతమే సరిగ్గా చెప్పింది.

మేం చివరికి చేసింది చిన్న మార్పే. గట్టి నమ్మకం కుదరకపోతే రోబో చేయి సగం దూరం వచ్చి ఆగుతుంది. చూడ్డానికి మొహమాటపడుతున్నట్టు ఉండేది గానీ, టీ మాత్రం మళ్ళీ ఒలకలేదు.

మీరు మొదలుపెడితే కినెక్ట్ కోసం వెతకొద్దు, మామూలు వెబ్‌క్యామ్‌తో మీడియాపైప్ అనే గూగుల్ వాళ్ళ ఉచిత సాఫ్ట్‌వేర్ 33 చుక్కలిస్తుంది. జీన్స్, టీషర్టు వాళ్ళతోనే పరీక్షించి ఊరుకోకండి. మా క్లాసమ్మాయి చున్నీ సర్దుకున్న ప్రతిసారీ మా రోబో గ్లాసు తీసుకుని బయల్దేరేది.