ఎనిమిది ఎకరాల్లో మిర్చి ఎంత, కంది ఎంత?

ప్రశ్న: దర్శి దగ్గర 8 ఎకరాల మెట్ట, ఒక బోరు ఉన్నాయి. చేతిలో 3 లక్షలు. లీనియర్ ప్రోగ్రామింగ్‌తో (ఉన్న హద్దులు దాటకుండా ఎక్కువ లాభం ఎలా వస్తుందో వెతికే లెక్క) మిర్చి, కంది ఎంతెంత వేయాలో తేలుతుందట. ఎలాగండీ?
– ఒక రైతు, ప్రకాశం జిల్లా

జవాబు: ముందు బోరు కొలవండి. 200 లీటర్ల డ్రమ్ము 72 సెకన్లలో నిండితే గంటకు 10,000 లీటర్లు. రోజుకు 7 గంటలు, 106 రోజులు నడిస్తే 74 లక్షల లీటర్లు. ఎకరాలో అంగుళం నీటికి లక్ష లీటర్ల పైమాటే కాబట్టి, మీ చేతిలో ఉన్నది 72 ఎకరా-అంగుళాలు.

ఇక ఎకరా లెక్క. మిర్చికి 24 అంగుళాల నీరు, లక్ష పెట్టుబడి, 60,000 నికరం అనుకుందాం. కందికి 4 అంగుళాలు, 15,000 పెట్టుబడి, 15,000 నికరం. ఇవి ఉదాహరణకే, మీ అంకెలు మీరు వేసుకోండి. ఎక్సెల్‌లో ఇలాంటి లెక్కలు తేల్చే సాల్వర్ అనే సాధనంలో భూమి, నీరు, డబ్బు హద్దులుగా ఇచ్చి, ఈ రకం లెక్కకు వాడే సింప్లెక్స్ పద్ధతి ఎంచుకుంటే మిర్చి 2, కంది 6 ఎకరాలు అని వస్తుంది. లాభం 2,10,000.

అసలు విషయం జవాబుతో పాటు సాల్వర్ ఇచ్చే సెన్సిటివిటీ నివేదికలో (అంకెలు మారితే జవాబు ఎలా మారుతుందో చెప్పేది) ఉంటుంది. ఇంకో ఎకరా-అంగుళం నీరు దొరికితే లాభం 2,250 పెరుగుతుంది. డబ్బు మాత్రం 10,000 మిగిలే ఉంది, అప్పు తెచ్చినా పైసా పెరగదు. ఎకరా మిర్చి నికరం 15,000 కంటే కిందికి పడితే తప్ప మిర్చి వాటా తగ్గదు. 90,000 దాటితే కంది మానేసి 3 ఎకరాల మిర్చే.

చాలామంది బోల్తా పడేది సీజన్ నీటిని ఒకే హద్దుగా రాసి. ఫిబ్రవరిలో బోరు సన్నగిల్లితే కాగితం మీది 2 ఎకరాల మిర్చి చేలో ఎండుతుంది. నెలకో నీటి హద్దు రాయండి.