కారు షెడ్డుకు కొత్త లైను: డీబీ కన్నా ముందు తేల్చుకోవాల్సినవి

మీ ప్రశ్న క్లుప్తంగా: హనుమకొండలో సొంత ఇల్లు, 3 కిలోవాట్ల సింగిల్ ఫేజు కనెక్షను. వెనకాల 25 మీటర్ల దూరంలో కారు షెడ్డు. అందులో 7.4 కిలోవాట్ల కారు చార్జరు, 2 హెచ్‌పీ కంప్రెసరు, ఇన్వర్టర్ వెల్డింగ్ మిషను పెట్టాలి. ఇంట్లో డీబీ (బ్రేకర్లుండే పంపిణీ పెట్టె) నుంచి 4 స్క్వేర్ ఎంఎం వైరు లాగి, షెడ్డులో పెద్ద డీబీ బిగిస్తే చాలని ఎలక్ట్రీషియను అన్నాడు.

చాలదండీ. డీబీ అన్నిటికన్నా చివర చూసుకునేది. ముందు లోడు, ఆ తర్వాత కేబులు, అన్నిటికన్నా ముఖ్యంగా ఎర్తింగు.

చార్జరు ఒక్కటే 32 ఆంపియర్లు లాగుతుంది, అదీ ఆగకుండా గంటల తరబడి. కంప్రెసరు నడిచేటప్పుడు 10 ఆంపియర్ల పైనే, స్టార్టయ్యే క్షణంలో దానికి ఐదారు రెట్లు. వెల్డింగ్ మిషను 120 ఆంపియర్ల మీద పెట్టి కాలిస్తే లైను నుంచి 20 ఆంపియర్ల పైగా తీసుకుంటుంది. ఇది 3 కిలోవాట్ల సర్వీసు మోసే బరువు కాదు. డిస్కంకు, అంటే కరెంటు పంపిణీ సంస్థకు, అదనపు లోడు కోసం దరఖాస్తు పెట్టి త్రీ ఫేజుకు మారండి. మీటరుతో పాటు స్తంభం నుంచి వచ్చే సర్వీసు వైరూ మారాలి. మీటరు సీలు ముట్టుకోకండి, మీటరు తర్వాత నుంచే మీ పని. ఇంకో మాట. బయటివాళ్ల బండ్లకు డబ్బు తీసుకుని వెల్డింగ్ చేసే ఆలోచన ఉంటే గృహ కేటగిరీ చెల్లదు, ముందే చెప్పి వేరే సర్వీసు తీసుకోండి.

త్రీ ఫేజు వచ్చాక పంపకం ఇలా: చార్జరు ఒక ఫేజు మీద ఒంటరిగా, కంప్రెసరూ లైట్లూ రెండోదాని మీద, వెల్డింగ్ మూడోదాని మీద.

కేబులు సంగతి. 25 మీటర్లంటే పోనూ రానూ 50 మీటర్ల తీగ. 2.5 స్క్వేర్ రాగి తీగలో 32 ఆంపియర్లు పారితే, తీగ వేడెక్కాక దాదాపు 14 వోల్టులు దారిలోనే పోతాయి. సాయంత్రం వోల్టేజీ ఎలాగూ తగ్గుతుంది, దానికి ఇది తోడైతే కంప్రెసరు మోటారు తిరగలేక మూలుగుతుంది. 4 స్క్వేరులో డ్రాపు తగ్గుతుంది గానీ పైపులో వేడికి ఆగకుండా 32 ఆంపియర్లు మోయడం దానికి కష్టం. నాలుగు కోర్ల (లోపలి తీగల) 16 స్క్వేర్ అల్యూమినియం ఆర్మర్డ్ కేబులు, అంటే పైన ఇనుప తొడుగున్నది, వేయండి. డ్రాపు 4 వోల్టుల లోపు ఉంటుంది. న్యూట్రల్ కోరు కూడా ఫేజుల సైజులోనే ఉండాలి, సగం సైజు కేబులు ఒప్పుకోవద్దు.

కందకం 75 సెంటీమీటర్ల లోతు. అడుగున ఇసుక, కేబులు, మళ్లీ ఇసుక, పైన ఇటుకల వరుస. ఆ ఇటుకలు రేపు ఎవరో గునపం వేస్తే ముందు తగలడానికి. రెండు చివరలా గ్లాండు (కేబులును పెట్టెకు పట్టి ఉంచే బిగింపు) వేసి ఆర్మర్‌ను ఎర్తుకు కలపాలి. అల్యూమినియం తీగను నేరుగా రాగి బస్‌బారు (డీబీలో తీగలు కలిసే లోహపు పట్టీ) మీద బిగించకండి, బైమెటాలిక్ లగ్గు (రాగి, అల్యూమినియం రెండూ ఉన్న తీగ కొస) వేసి క్రింపింగ్ చేయించండి, అంటే గట్టిగా నొక్కించండి. వదులైన జాయింటులో 0.1 ఓము నిరోధం ఉన్నా 32 ఆంపియర్ల దగ్గర 100 వాట్ల వేడి పుడుతుంది. నాలుగు చిన్న సోల్డరింగ్ ఐరన్లు ఒకే స్క్రూ మీద ఆనించినట్టు. పాత డీబీ మూత తీసి చూడండి, న్యూట్రల్ స్క్రూ దగ్గర తీగ తొడుగు గోధుమరంగుకు తిరిగి పెళుసెక్కి ఉంటే కారణం ఇదే. త్రీ ఫేజులో ఆ న్యూట్రల్ ఊడితే అంతకన్నా ప్రమాదం. లోడు తక్కువున్న ఫేజు మీది సామాన్ల మీదికి 400 వోల్టుల దాకా వచ్చి ఇంట్లో టీవీ, ఫ్రిజ్ కాలిపోతాయి.

ఇక ఎర్తింగు. ఎలక్ట్రీషియన్లు టెస్ట్ ల్యాంపు ఒక కొస ఫేజుకు, ఒక కొస ఎర్తుకు పెట్టి, బల్బు వెలిగితే "ఎర్తింగు బ్రహ్మాండంగా ఉంది" అంటారు. 100 వాట్ల బల్బుకు కావలసింది అర ఆంపియరు కూడా కాదు. ఎర్తు నిరోధం 50 ఓములున్నా బల్బుకు 210 వోల్టులు అంది చక్కగా వెలుగుతుంది. అదే ఎర్తు మీద కంప్రెసరు బాడీకి ఫేజు తగిలితే పారేది నాలుగున్నర ఆంపియర్లే. ఏ ఎంసీబీ (కరెంటు హద్దు దాటితే లైను ఆపే బ్రేకరు) పడదు. బాడీ మీద దాదాపు 230 వోల్టులు అలాగే నిలిచి ఉంటాయి. సరే, బాగా తవ్వించి 5 ఓములకు తెచ్చారనుకుందాం. అప్పుడు పారేది 46 ఆంపియర్లు. సీ కర్వ్ (రేటింగుకు పది రెట్ల లోపు కరెంటుకే వెంటనే పడే రకం) 32 ఆంపియర్ల ఎంసీబీ వెంటనే పడాలంటే 320 కావాలి. 46 దగ్గర అది పడడానికి గంట దాకా పట్టవచ్చు. మన ఇళ్లలో ఎర్తు అంటే ఎవరి ఎర్తు గుంట వారిదే కాబట్టి ప్రాణం కాపాడేది ఆర్‌సీసీబీ (ఎర్తులోకి లీకయ్యే కొద్దిపాటి కరెంటును పసిగట్టి లైను ఆపే స్విచ్చు) ఒక్కటే. దాని బదులు ఎంసీబీ సైజు తగ్గిస్తే సరిపోతుందనే మాట నమ్మకండి.

అయినా గుంట బాగుండాలి. షెడ్డు పక్కన ఒకటి తీయించి, ఇంటి ఎర్తు నుంచి 8 గేజ్ రాగి తీగ అదే కందకంలో తెచ్చి రెండూ కలపండి. ఎర్త్ టెస్టరుతో కొలత మేలో తీయించండి. మీవైపు మొరం నేల ఎండితే వానాకాలపు అంకె ఎందుకూ పనికిరాదు.

షెడ్డు లైను ఇంట్లో ఉన్న ఆర్‌సీసీబీ తర్వాత నుంచి తీయకండి. మెయిన్ దగ్గర నుంచే విడిగా 40 ఆంపియర్ల ఫోర్ పోల్ (మూడు ఫేజులూ న్యూట్రలూ కలిపి తెంపే) ఎంసీబీ, దాని వెంట 100 మిల్లీ ఆంపియర్ల టైమ్ డిలే (కాస్త ఆగి పడే) ఆర్‌సీసీబీ. ఇది కందకంలోని కేబులు కోసం. షెడ్డు డీబీలో ఫోర్ పోల్ ఐసోలేటరు (లైను మొత్తం ఆపే స్విచ్చు), ఆ తర్వాత 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీలు విడివిడిగా: చార్జరుకు టైప్ ఏ (ఎలక్ట్రానిక్ సామాన్ల లీకేజీనీ పసిగట్టే రకం), కంప్రెసరుకు ఒకటి, వెల్డింగ్‌కు ఒకటి, లైట్లకూ సాకెట్లకూ ఒకటి. వెల్డింగ్ చేస్తుండగా ట్రిప్పయితే చేతిలో వేడి ఇనుముతో చీకట్లో నిలబడకూడదు, అందుకే లైట్లు వేరు. ఒక్కో ఆర్‌సీసీబీకి దాని న్యూట్రల్ బారు దానికే. అన్ని న్యూట్రళ్లూ ఒకే బారులో కలిపేస్తే ఫ్యాను వేసిన ప్రతిసారీ ట్రిప్పవుతుంది. అప్పుడు ఆర్‌సీసీబీ చెడిపోయిందని దాన్నే బైపాస్ చేస్తారు. షెడ్డులో న్యూట్రల్‌నూ ఎర్తునూ ఎక్కడా కలపనివ్వకండి.

చార్జరుకు 40 ఆంపియర్ల ఎంసీబీ, 10 స్క్వేర్ రాగి తీగ. ఎంసీబీ రేటింగు 30 డిగ్రీల వేడికి లెక్కగట్టింది. రేకుల షెడ్డులో ఏప్రిల్ మధ్యాహ్నం 32 ఆంపియర్లది 32 మోయలేక పడిపోతుంది. కంప్రెసరుకు సీ కర్వ్. వెల్డింగ్‌కూ సీ కర్వే, మిషను ఆన్ చేయగానే అది పడుతుంటే డీ కర్వ్ (క్షణకాలం ఇంకా ఎక్కువ కరెంటును ఓర్చుకునే రకం).

సాకెట్లు నేలకు ఒక మీటరు పైన ఉంచండి, పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువు కాబట్టి నేలబారున పేరుకుంటుంది. డీబీకి వాడని రంధ్రాలన్నీ మూయించండి. బల్లి దూరి బస్‌బార్ల మధ్య పడి షార్టవడం మన దగ్గర మామూలే.

లైసెన్స్ ఉన్న కాంట్రాక్టరుతోనే చేయించి, కరెంటు ఇచ్చే ముందు చార్జరు విప్పి పక్కన పెట్టించి 500 వోల్టుల మెగ్గరుతో (తీగ తొడుగు నిరోధం కొలిచే మీటరు) కేబులు కొలిపించండి. ఒక మెగా ఓము కన్నా తక్కువొస్తే కందకం పూడ్చకండి. కరెంటు వచ్చాక ప్రతి ఆర్‌సీసీబీ టెస్ట్ బటన్ నొక్కి చూడండి, తర్వాత నెలకోసారి. చార్జరు రెండు గంటలు నడిచాక డీబీ మూత మీద చెయ్యి పెట్టి చూడండి. గోరువెచ్చగా ఉంటే ఫర్వాలేదు, చెయ్యి ఆనించలేనంత వేడి ఉంటే మెయిన్ ఆపి లగ్గులన్నీ మళ్లీ బిగించమని చెప్పండి.