ర్యాక్ కొనే ముందు గ్లాసుడు నీళ్ళు పెట్టి చూడు

బ్రాడీపేట, గుంటూరు

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

మొన్న ఫోనులో నువ్వు చెప్పిన, టర్న్‌టేబుల్ పెట్టుకునే ర్యాక్ సంగతి అప్పటినుంచీ నా మనసులో తిరుగుతూనే ఉంది. రికార్డులు తిప్పే ఆ టర్న్‌టేబుల్ ఖరీదుకు రెట్టింపు పోసి, ఉక్కు కాళ్ళు, గాజు అరలు ఉన్నది తెప్పించుకుంటానన్నావు. అది వస్తే పాట విచ్చుకుంటుందని ఎవరో చెప్పారన్నావు. కాస్త ఆగు. నలభై ఏళ్ళుగా రికార్డులు వింటున్నవాణ్ణి, అచ్చం అలాంటి ర్యాక్ మీదే డబ్బు పోగొట్టుకున్నవాణ్ణి. అందుకే ఇంత పొడుగు ఉత్తరం.

ర్యాక్‌కు ఉన్న పని ఒక్కటే. నేలలోంచి, గాలిలోంచి వచ్చే అదురును రికార్డు మీద ఆనే ముల్లు దాకా రానివ్వకూడదు. రికార్డు మీది గాడి వెడల్పు మన తల వెంట్రుక మందం ఉంటుంది. ఆ గాడి గోడల్లోని సన్నని మెలికలు మైక్రాన్ కంటే, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు కంటే, చిన్నవి కూడా ఉంటాయి. ముల్లు వాటిని తడుముతూ పోతుంది. గాడి కదిలించినా, ఇంటి నేల కదిలించినా దానికి తేడా తెలియదు. రెండింటినీ కరెంటుగా మార్చి పంపేస్తుంది. పైగా రికార్డు కోసేటప్పుడు మంద్రస్థాయిని తగ్గించి కోస్తారు, వినేటప్పుడు ఆంప్లిఫయర్ దాన్ని తిరిగి పెంచుతుంది. 1954 నుంచి వాడుకలో ఉన్న, అమెరికా రికార్డు కంపెనీల సంఘం ఆర్‌ఐఏఏ పేరుతో పిలిచే పద్ధతి ఇది. హెర్ట్జ్ అంటే సెకనుకు ఒక ఊగుడు. ఆ లెక్కన 1000 హెర్ట్జ్‌తో పోలిస్తే 20 హెర్ట్జ్ దగ్గర సుమారు 9 రెట్లు ఎక్కువ పెంపు ఉంటుంది. నేల అదురంతా ఆ కింది స్థాయిలోనే కదా ఉండేది! అందుకే టర్న్‌టేబుల్ కింద ఏముందన్నది నిజంగా ముఖ్యం.

ఇప్పుడు పరీక్ష. స్టీలు గ్లాసు నిండా నీళ్ళు పోసి, నీ టర్న్‌టేబుల్ పక్కన పెట్టు. హాల్లో ట్యూబులైటు వేసి, నీటి మీద ఆ వెలుగు గీత నిలకడగా కనిపించే చోట నిలబడు. మీ అమ్మను వంటింటి నుంచి మామూలుగా నడిచి రమ్మను. గీత నిలిచి ఉంటే నీ అర బాగానే ఉంది. అడుగు అడుగుకూ గీత ముక్కలై మళ్ళీ అతుక్కుంటుంటే నేల కదులుతోందని అర్థం. మా ఇంట్లో ఈ పరీక్ష చేసిన రోజు ఎవరూ నడవకుండానే వెలుగు గీత సన్నగా వణుకుతూ కనిపించింది. పక్క వాటాలో వెట్ గ్రైండరు తిరుగుతోంది. మా రెండు వంటిళ్ళకూ ఒకటే గోడ.

రెండో పరీక్షకు కొంచెం జాగ్రత్త కావాలి. మోటారు ఆపేసి, కదలని రికార్డు మీద ముల్లు దించు. శబ్దం పూర్తిగా తగ్గించి, తరువాత నెమ్మదిగా పెంచుతూ మామూలుగా వినే స్థాయికి తీసుకురా, అంతకు మించి వద్దు. అర మీద వేలి కణుపుతో మెల్లగా తట్టు. స్పీకరులో పొట్టిగా, పొడిగా 'టప్' అని వినిపించి ఆగిపోతే మంచిదే. 'డుమ్‌మ్‌మ్' అని సాగితే ఆ అర తన గొంతు కూడా నీ సంగీతంలో కలుపుతోంది. ఇంకా పెంచకుండానే కూతలాంటిది మొదలైతే స్పీకరు శబ్దమే తిరిగి ముల్లును కదిలిస్తున్నట్టు. వెంటనే తగ్గించు. స్పీకర్లూ టర్న్‌టేబుల్ ఒకే బల్ల మీద ఉంటే ముందు వాటిని విడదీయి. ఏ ర్యాక్ కొన్నా దీనంత మేలు చేయదు.

నేను కొన్న గాజు అరల ర్యాక్ చూడటానికి ఎంతో అందంగా ఉండేది. గోటితో కొడితే గంటలా మోగేది. మృదంగం తొప్పి మీద పడే దెబ్బ నీకు తెలుసు కదా, గుండ్రంగా పుట్టి చేతికింద అణగిపోవాలి. ఆ ర్యాక్ మీద అది అణగేది కాదు, తరువాతి దెబ్బ దాకా సాగి దాన్ని మసకబార్చేది. ఏడాది పాటు ముల్లునూ రికార్డులనూ అనుమానించాను. చివరికి ఒక ఆదివారం టర్న్‌టేబుల్‌ను తీసి, గోడలో ఉన్న పాత కడప రాయి అర మీద పెట్టాను. పది నిమిషాల్లో తేడా తెలిసింది. ఏడాది వినికిడి పోయిందే అన్న బాధ ఇప్పటికీ ఉంది.

విదేశీ పత్రికల్లో ర్యాక్‌ల గురించి రాసే సలహాలు చాలావరకు చెక్క నేల ఉన్న ఇళ్ళకు సంబంధించినవి. మనవి కాంక్రీటు స్లాబులు. అవి ఆ చెక్క నేలల్లా ఊగవు. అయినా బెజవాడలో మీ సత్యనారాయణపురం ఫ్లాటు మూడో అంతస్తు. స్లాబు బీముకూ గోడకూ దగ్గరగా ఉన్నచోట దాదాపు కదలదు, గది నడుమ కొద్దిగా కదులుతుంది. నువ్వేమో అందం కోసం బల్లను నడిమికి లాగావు. మూలకు జరిపి మళ్ళీ గ్లాసు పరీక్ష చెయ్యి. ఒకప్పుడు మీ వీధి పక్కన రైలు కట్ట ఉండేది, ఇప్పుడు అది బీఆర్‌టీఎస్ రోడ్డు. రైళ్ళ అదురు నీకు లేదు. మా అరండల్‌పేట వైపు గూడ్సు బండి వెళ్తుంటే మంద్రంలో వచ్చే హోరు నువ్వు వినాలి!

అన్నిటికంటే నేను నమ్మేది గోడ అర. అయితే తొమ్మిది అంగుళాల ఇటుక గోడకే బిగించాలి. గదుల మధ్య ఉండే నాలుగున్నర అంగుళాల గోడ వద్దు, వంటింటితో కలిసిన గోడ అసలు వద్దు. గోడ మీద మేకు కొట్టనివ్వనని ఇంటి యజమాని అంటే ర్యాక్ చేయించు, కొనకు. ఆటోనగర్‌లో చదరపు ఇనుప పైపుతో ఫ్రేము వెల్డింగు చేసి ఇచ్చేవాళ్ళకు కొదవ లేదు. కాళ్ళ పైపుల్లో ఇసుక నింపించు. కృష్ణా ఇసుకను జల్లించి, పెనం మీద తడి పోయేదాకా వేయించి, చల్లారాక పోయాలి. తడి ఉంటే లోపల తుప్పు పడుతుంది. ఇసుక నింపక ముందు ఆ కాలిని స్పానరుతో తట్టు, నింపాక మళ్ళీ తట్టు. మోగే ఇనుము మూగదవుతుంది.

పై అరకు గ్రానైటు వేయించు. వంటగట్టు కోయగా మిగిలిన ముక్కలు రాళ్ళ దుకాణాల్లో దొరుకుతాయి. 45 సెంటీమీటర్ల పొడవు, 40 వెడల్పు, 2 మందం ఉన్న ముక్క పది కిలోలకు దగ్గరగా తూగుతుంది. ఆ బరువే మనకు కావాలి. కానీ గ్రానైటు కూడా మోగుతుంది, ఇనుము మీద నేరుగా పెట్టవద్దు. మధ్యలో మందపాటి రబ్బరు ముక్కలు నాలుగు పెట్టు.

రబ్బరు అన్నాను కాబట్టి ఒక లెక్క చెబుతాను, రబ్బరూ ఒక రకం స్ప్రింగే. ఖరీదైన దిమ్మెలు అమ్మేవాళ్ళు దీన్ని చెప్పరు. స్ప్రింగు పైనున్న బరువుకు 2.5 మిల్లీమీటర్లు కుంగితే దాని సొంత ఊగుడు సెకనుకు 10 సార్లు. 10 మిల్లీమీటర్లు కుంగితే 5 సార్లు, 25 కుంగితే 3 సార్లు. ఆ సంఖ్యకు దాదాపు ఒకటిన్నర రెట్లు పైనున్న అదురునే అది ఆపడం మొదలుపెడుతుంది, ఆ సంఖ్య దగ్గరున్న దాన్ని ఇంకా పెంచుతుంది. టర్న్‌టేబుల్ చెయ్యీ, దాని కొసన ముల్లును పట్టి ఉంచే కార్ట్రిడ్జీ కలిసి ఊగేది సాధారణంగా 8 నుంచి 12 హెర్ట్జ్ మధ్య. అంటే సరిగ్గా 2 మిల్లీమీటర్లో 3 మిల్లీమీటర్లో కుంగే స్ప్రింగు పెడితే రోగం ముదురుతుంది. గట్టి రబ్బరు గ్రానైటు మోతను అణచడానికి పనికొస్తుంది, నడక అదురును ఆపదు. నడక అదురుకు గోడ అరో, బాగా కుంగే స్ప్రింగులో కావాలి. టర్న్‌టేబుల్ లోపలే స్ప్రింగులు ఉన్న రకమైతే కింద మళ్ళీ స్ప్రింగులు వద్దు.

అర బిగించాక రసమట్టం పెట్టి చూడు, మేస్త్రీలు వాడేదే చాలు. నాలుగు కాళ్ళలో ఒకటి టైలు మీద ఆనకపోతే అక్కడ పలుచని రేకు ముక్క దోపు. ముక్కాలి ర్యాక్ అయితే ఆ బెడదే లేదు.

ఆంప్లిఫయర్, సీడీ ప్లేయర్ల కింద వేసే మేకుల గురించి, దిమ్మెల గురించి అడిగావు. మీ అత్త చేత నాకు చెప్పకుండా మార్పిస్తూ, తీయిస్తూ ఇరవైసార్లు విన్నాను. సగం కూడా సరిగ్గా చెప్పలేకపోయాను. వాటి మీద పైసా పెట్టకు. ఆంప్లిఫయర్‌కు కావలసింది గాలి. మే నెల ఎండలో బెజవాడ ఇంట్లో దాని మీద కనీసం నాలుగు అంగుళాల ఖాళీ లేకపోతే లోపలి కెపాసిటర్లు తొందరగా ఎండిపోతాయి. తలుపుల బీరువాలో ఎన్నడూ పెట్టకు. దాని ట్రాన్స్‌ఫార్మరుకు కార్ట్రిడ్జిని వీలైనంత దూరంగా ఉంచు, లేకపోతే 50 హెర్ట్జ్ గుర్రు వెంటపడుతుంది. తంబుర ఒక్కటే మోగే చోట ఆ గుర్రు ఇట్టే బయటపడుతుంది.

పై అర మీ అమ్మ నడుము ఎత్తులో ఉండాలి. ముల్లు దించడానికి ఆమె మోకాళ్ళు వంచకూడదు. ఆ ఇంట్లో నీకంటే ఎక్కువ వినేది ఆమే.

వచ్చే ఆదివారం నేను బెజవాడ వస్తున్నాను. ఈలోగా గ్లాసు పరీక్ష మూడు చోట్ల చేసి, టర్న్‌టేబుల్ బరువు, దాని కాళ్ళ మధ్య దూరం కాగితం మీద రాసి ఉంచు. ఆటోనగర్‌కు ఇద్దరం కలిసే వెళ్దాం.

ఇట్లు,
మీ మామయ్య