రోడ్డు పక్క పాత ఇనుము యార్డుకి అడ్డు కట్టించడం గురించి

అన్నయ్యా, ఒడిశాలో రాయగడ దగ్గర ఎన్‌హెచ్ 326 పక్కన పాత ఇనుము యార్డు తుక్కు రోడ్డు మీదకొచ్చేస్తోంది, అమెరికాలోలా చుట్టూ అడ్డు కట్టించొచ్చా అని అడిగారు కదా. అక్కడిది 1965 చట్టం, పెద్ద హైవేల అంచు నుంచి 1000 అడుగుల లోపు యార్డు ఉంటే కంచో చెట్లో పెట్టి కనపడకుండా చెయ్యాలి, ఇండస్ట్రియల్ జోన్‌కి మినహాయింపు. అది రోడ్డు అందం కోసం పెట్టింది, మనకి పనికిరాదు. ఇక్కడ హైవే అధికారులకి చూడ్డానికి బాలేదు అని రాస్తే పక్కన పడేస్తారు, దారికి అడ్డు, ప్రమాదం అని రాయండి. తుక్కు హైవే స్థలంలోకి వచ్చిందో లేదో ముందు కొలిపించండి, వచ్చుంటే 2002 హైవేల చట్టం కింద నోటీసిచ్చి తీయించే అధికారం ఆ హైవే వాళ్లకుంది. సొంత స్థలంలోనే ఉండి బ్యాటరీ యాసిడ్, వైర్లు కాల్చిన పొగ మీ ఇళ్లకొస్తుంటే మాత్రం సబ్ కలెక్టర్ గారికి బీఎన్‌ఎస్‌ఎస్ (కొత్త క్రిమినల్ ప్రొసీజర్ చట్టం) సెక్షన్ 152 కింద, జనానికి ఇబ్బంది తొలగించమని అర్జీ పెట్టండి, అదే పాత సీఆర్‌పీసీ సెక్షన్ 133, 2024 జులై 1 నుంచి నంబర్ మారింది, చాలామంది ఇంకా పాతదే రాసేస్తున్నారు. అర్జీ ఒడియాలో రాయించండి, మన తెలుగోళ్లం అక్కడే పొరపాటు చేస్తాం. తేదీ పడిన ఫోటోలు, వీధివాళ్ల సంతకాలు పెట్టి, స్టాంపు వేసిన కాపీ ఒకటి తెచ్చుకోండి. పిల్లలు ఆ పొగ పీలుస్తున్నారంటే మనసాగట్లేదు, ఈ వారమే వెళ్లండి.