ఫిబ్రవరి ఆర్డర్ల వెల్లువకు చిన్న షియా బటర్ వ్యాపారాన్ని ఎలా సిద్ధం చేయాలి?

మీరు అడిగింది ఇదీ: అట్లాంటాలో మీ నల్లజాతి స్నేహితురాలు షియా బటర్ (ఆఫ్రికా షియా గింజల నుంచి తీసే కొవ్వు) క్రీమ్ చేసి ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు, నెలకు 200 డబ్బాలు పోతాయి, వెబ్‌సైటూ లెక్కలూ మీ చేతిలో ఉన్నాయి, బ్లాక్ హిస్టరీ మంత్‌కి (అమెరికాలో నల్లజాతి చరిత్రను తలుచుకునే ఫిబ్రవరి నెలకి) ముందు ఏమేం చేసి పెట్టుకోవాలి అని. ఇలాంటి వ్యాపారాలకు స్టాకు, షిప్పింగ్ చూడటమే నా పని. చేతికి తెలిసిన సంగతులు రాస్తున్నాను.

ఆ నెలలో చిన్న వ్యాపారాలు ఎక్కువగా దెబ్బతినేది చేయగలిగినదానికన్నా ఎక్కువ ఒప్పుకోవడం వల్లే. 2020 జూన్‌లో, జార్జ్ ఫ్లాయిడ్ హత్య మీద నిరసనలప్పుడు, నల్లజాతివాళ్ల పుస్తకాల షాపుల మీద ఒక్కసారిగా ఆర్డర్లు వచ్చిపడ్డాయి. పుస్తకాలు పబ్లిషర్ల దగ్గరే అయిపోయాయి, ఆలస్యమైందన్న కోపం మాత్రం షాపులవాళ్లు పడ్డారు.

అందుకని ముందు ఒక వాయి లెక్క తీయండి. 4 ఔన్సుల డబ్బాలో గిలక్కొట్టిన బటర్ 85–90 గ్రాములు పడుతుందనుకుంటే 5 కిలోల వాయికి 55 డబ్బాలు వస్తాయి. కరిగించడం, చల్లార్చడం, గిలక్కొట్టడం, నింపడం కలిపి 4 గంటలు. ప్యాకింగ్ ఒక మనిషి గంటకు 20 పెట్టెలు చేస్తే గొప్పే. మెయిళ్లకు జవాబులు, లేబుళ్లు కూడా కలుపుకుంటే ఒక్క మనిషి వారానికి 250 డబ్బాలు దాటించలేదు. మీ గంటలు మీరు కొలుచుకుని ఇదే లెక్క వేయండి. వచ్చే ఆర్డర్లు అంతకు మించేలా ఉంటే తేడాని జనవరిలోనే చేసి అలమరలో పెట్టాలి. నీళ్లు కలవని బటర్ కాబట్టి 0.5 శాతం విటమిన్ ఇ వేసి మూత బిగిస్తే నెల ముందు చేసినా బాగుంటుంది. అలోవెరా జెల్ లాంటి నీటి సరుకు కలిపితే మాత్రం ప్రిజర్వేటివ్ లేకుండా అమ్మకూడదు.

తొందరలో అందరూ చేసే పొరపాటు 5 కిలోల వాయిని 10 కిలోలు చేయడం. పెద్ద గిన్నె నడిమధ్యలో మెల్లగా చల్లారుతుంది. షియాలో గట్టి కొవ్వు ముందే గడ్డకట్టి పలుకులవుతుంది. వేలితో తీస్తే బొంబాయి రవ్వలా తగులుతుంది, చర్మం మీద రుద్దితే కరిగిపోతుంది. హాని ఏమీ లేదు, కానీ మొదటిసారి కొన్నవాళ్లు పాడైపోయిందనుకుంటారు. అలాంటి వాయిని మళ్లీ పూర్తిగా కరిగించి, గిన్నెను ఐసు నీళ్లలో పెట్టి కలుపుతూ త్వరగా చల్లార్చండి, సరిపోతుంది. జూన్‌టీన్త్‌కి (అమెరికాలో బానిసత్వం ముగిసినందుకు జరుపుకునే పండుగకి) వచ్చే గిరాకీలో ఇబ్బంది ఇంకో రకం. జూన్ 19 నాటికి టెక్సాస్, జార్జియా ఎండల్లో తిరిగే డెలివరీ వ్యాన్లలో బటర్ కరిగి, గిలక్కొట్టిన గాలంతా పోయి, డబ్బా సగమే నింపినట్టు కనిపిస్తుంది. ఆ కాలానికి గిలక్కొట్టని గట్టి బామ్ అమ్మడమే నయం.

డబ్బాల సంగతి చాలామంది మరిచిపోతారు. అవి ఎక్కువగా చైనా నుంచి వస్తాయి. చైనా కొత్త సంవత్సరం జనవరి చివరికో ఫిబ్రవరికో వస్తుంది, ఫ్యాక్టరీలు వారాల తరబడి మూతపడతాయి. డబ్బాలూ మూతలూ అక్టోబరు, నవంబరుల్లోనే తెప్పించుకోండి. డబ్బా ఒకచోట, మూత ఒకచోట కొంటే మెడ కొలత సరిపోతుందో లేదో పది తీసి బిగించి, ఒక రాత్రి తలకిందులుగా పెట్టి చూడండి.

మీ వెబ్‌సైట్ షాపిఫై (ఆన్‌లైన్ దుకాణాలు నడిపే సర్వీసు) మీద అయితే స్టాకు అయిపోయినా అమ్మకం సాగించే టిక్ తీసేయండి. చేతిలో ఉన్నదాంట్లో పదో వంతు సైట్‌లో చూపించకండి, పగిలినవాటికీ పోయినవాటికీ బదులు పంపాలి కదా. పంపే గడువు మూడు రోజులు అనిపిస్తే అయిదు అని రాయండి. కొనేవాళ్ల హక్కులు చూసే అమెరికా ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నియమం ప్రకారం చెప్పిన గడువులో, ఏ గడువూ చెప్పకపోతే 30 రోజుల్లో పంపాలి. కుదరకపోతే కొన్నవాళ్లకు తెలియజేసి, వద్దంటే డబ్బు పూర్తిగా వాపసు ఇవ్వాలి. ఫిబ్రవరి మూడో సోమవారం ప్రెసిడెంట్స్ డే, పోస్టాఫీసు ఉండదు. అమ్మకాలు ఉన్నట్టుండి నాలుగింతలైతే పేమెంట్ కంపెనీలు అనుమానంతో డబ్బు కొన్నాళ్లు ఆపొచ్చు. ముందే వాళ్లకు ఒక మాట చెప్పి, సరుకు కొనుగోలు రసీదులు దగ్గర పెట్టుకోండి.

1926లో చరిత్రకారుడు కార్టర్ జి. వుడ్‌సన్ ఒక వారంగా మొదలుపెట్టిన ఈ బ్లాక్ హిస్టరీ ఉత్సవం ఇప్పుడు పెద్ద కంపెనీల్లో నెలంతా జరుగుతుంది. అందుకే జనవరి చివర్లో "రెండో వారానికల్లా 150 గిఫ్ట్ బాక్సులు కావాలి" అని మెయిళ్లు వస్తాయి. డబ్ల్యూ-9 ఫారం (కొనే కంపెనీకి మీ పన్ను నంబరు తెలిపే కాగితం), ఇన్సూరెన్స్ సర్టిఫికెట్, బాక్సుకు ఇంత అన్న ధరల కాగితం సిద్ధంగా లేకపోతే ఆ ఆర్డరు ఇంకొకరికి పోతుంది. సరుకు తీసుకున్న 60 రోజులకు డబ్బిస్తామంటే సగం అడ్వాన్సు అడగండి. సిగ్గుపడాల్సిందేమీ లేదు. ఇది మైనారిటీల వ్యాపారమని పెద్ద కంపెనీలకు చూపించే ఎన్ఎంఎస్‌డీసీ సర్టిఫికెట్‌కి వ్యాపారంలో కనీసం 51 శాతం మీ స్నేహితురాలిదై ఉండాలి, నెలలు పడుతుంది, వచ్చే ఏటికైనా ఇప్పుడే మొదలుపెట్టండి. అమెరికాలో కంపెనీ నడిపే మన తెలుగువాళ్లలో కొందరికి ఈ పేరు పరిచయమే, భారత సంతతివాళ్లూ దీనికి అర్హులే.

ఫిబ్రవరికని ధర తగ్గించవద్దని నా గట్టి అభిప్రాయం. ఆ నెలలో వచ్చేవాళ్లు ఆమె దగ్గర కొనాలనే వస్తారు, పూర్తి ధర ఇస్తారు. ఆ లాభంతోనే మార్చికి కావలసిన షియా కొనాలి. తగ్గించే బదులు ప్రతి పెట్టెలో 10 గ్రాముల ఇంకో వాసన శాంపిల్ వేయండి. ఫిబ్రవరి మొదటి వారంలో కొన్నవాళ్ల డబ్బా మార్చి మధ్యకల్లా అడుగంటుతుంది. ఆరో వారంలో "అయిపోవచ్చిందా?" అని వెళ్లే మెయిల్ జనవరిలోనే రాసి, తేదీ పెట్టి ఉంచండి. ఫిబ్రవరిలో కూర్చుని రాసే తీరిక ఇద్దరికీ దొరకదు.